వెలుపలి చలి, లోపలి ఆపద

బ్రతుకుతెరువుకై ఊరు విడుచుట తెలుగు నేతగానికి కొత్త కాదు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతముల పద్మశాలి కుటుంబములు తరతరములుగా షోలాపురము, భివండి, బొంబాయి, సూరతు నగరములకు తరలిపోవుచున్నవి. మగ్గము ఎచ్చట ఆడునో అచ్చటికి మనిషి నడచెను. సూరతు నగరపాలక సంస్థ తన ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా భాషలతోపాటు తెలుగు మాధ్యమమునందు కూడ బోధన జరుపుచున్నదనిన, అచ్చట మనవారు ఎంతగా స్థిరపడిరో ఊహింపవచ్చును. ఆ నగరమునందలి లింబాయత్, ఉధనా పేటలలో తెలుగు మాట వినబడని వీధులు తక్కువ. అచ్చటినుండి పని వెదకుకొనుచు పల్సానా, కడోదరా వైపునకు వచ్చువారును కలరు.

పల్సానా సూరతు జిల్లాలో ఒక తాలూకా కేంద్రము. ఒకవైపు చెరకు తోటలు, చల్థాన్ చక్కెర కర్మాగారము. మరియొకవైపు మరమగ్గపు షెడ్లు, అద్దకపు మిల్లులు, వాని పొగగొట్టములు. 1928లో సర్దార్ వల్లభభాయి పటేలు నడపిన సత్యాగ్రహముచే ప్రసిద్ధి గాంచిన బార్డోలి ఇచ్చటికి సమీపముననే యున్నది. బొంబాయినుండి ఢిల్లీకి పోవు 48వ నంబరు జాతీయ రహదారి ఈ తాలూకా మీదుగనే సాగును. అందుచేత మన పల్లెలలో దీనిని “ఉత్తరాది” యనియే తలచెదరు. ఊరు విడుచు కుర్రవానికి ఇంటివారు చెప్పు మొదటి జాగ్రత్త చలిని గూర్చియే. “అక్కడ చలి ఎక్కువ బిడ్డా, పదిలము” అని తల్లి చెప్పి పంపును. ఆ మాటలో ప్రేమ యున్నది. అయితే ఆపద ఎచ్చటనున్నదో ఆ మాట పూర్తిగా తెలుపదు. ఆ లోటును పూరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

చలి నిజముగా ఎంత?

ఉష్ణమాపకము చెప్పు మాట మొదట వినవలెను. సూరతు ప్రాంతమున జనవరి మాసపు రాత్రులలో ఉష్ణోగ్రత సగటున సుమారు 15 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగును. కొన్ని రాత్రులు ఇంకను చల్లగా నుండవచ్చును. పగలు మరల 30 డిగ్రీల దరిదాపులకు చేరును. కరీంనగరు, వరంగల్లు రాత్రులును ఇంచుమించు ఇట్టివే. ఆదిలాబాదు వారు ఇంతకంటె తీవ్రమైన చలిని ఎరుగుదురు. సముద్రతీరపు జిల్లాలనుండి వచ్చినవారికి మాత్రమే ఈ చలి కొంత కొత్తగా తోచును.

అట్లయిన, ఇచ్చటికి వచ్చినవారు మొదటి శీతకాలమున ఏల అంతగా బాధపడుచున్నారు? కారణము చలిలో కంటె జీవన విధానములో నున్నది. ఊరిలో ఎండపొడ పడు వాకిలి యున్నది. తాతలనాటి గొంగడి యున్నది. వేళకు వేడి అన్నము పెట్టు చేయి యున్నది. ఇచ్చట పదిమంది కలిసి అద్దెకు తీసికొనిన గది, సిమెంటు నేల, పన్నెండు గంటల పాళీ. పగటి పాళీవారు లేచిన పరుపుమీదనే రాత్రి పాళీవారు పరుండుట పెక్కు గదులలో కానవచ్చును. చలికి భయపడి తలుపు మూయుదురు. కిటికీకి గోనె కట్టుదురు. కొందరు కుంపటి రాజవేయుదురు. వెలుపల నున్న చలి చాలవరకు ఓర్చుకొనదగినదే. తలుపు మూసిన పిమ్మట లోపల పుట్టునదే ప్రాణాంతకము.

నిప్పు చేయు నిశ్శబ్ద హత్య

కుంపటిని గుజరాతీవారు సగడీ యందురు. బొగ్గులు ఎఱ్ఱగా కణకణలాడుచుండగా పొగ కనబడదు, వాసన యుండదు. అందుచేత “పొగ పోయినది, ఇక భయము లేదు” అని తలచి గదిలోనికి తెచ్చుకొని పరుండుదురు. ఇదియే పెద్ద పొరపాటు. పొగలేని నిప్పే మిక్కిలి మోసకారి.

బొగ్గు కాలుటకు గాలిలోని ప్రాణవాయువు కావలెను. తగినంత గాలి యున్నప్పుడు బొగ్గు పూర్తిగా కాలి బొగ్గుపులుసు వాయువు వెలువడును. మూసిన గదిలో గాలి తగ్గినకొలది కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు హెచ్చును. దీనికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన రక్తములోని ఎఱ్ఱకణములు ప్రాణవాయువును దేహమంతటికి మోసికొనిపోవును. ఆ కణములను ఈ విషవాయువు ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన పట్టుతో అంటిపెట్టుకొనును. అప్పుడు మనిషి ఊపిరి పీల్చుచునే యుండును గాని, ఆ ఊపిరి మెదడుకు, గుండెకు అందదు. మొదట తలనొప్పి, పిమ్మట తలతిరుగుడు, వికారము, కాళ్ళు తేలిపోవుట. మెలకువగా నున్నవాడు వీనిని గుర్తింపవచ్చును. నిద్రించుచున్నవాడు మేల్కొనడు. ఉత్తర భారతమున ప్రతి శీతకాలమునందును ఒకే గదిలో పరుండిన కుటుంబములు తెల్లవారుసరికి విగతజీవులై కనబడిన వార్తలు పత్రికలలో వచ్చుచునే యున్నవి. ఆ గదులలో దొంగ ప్రవేశింపలేదు, మంట లేవలేదు. కుంపటి మాత్రమే యున్నది.

ఒక గుర్తు ప్రతివారును జ్ఞాపకముంచుకొనవలెను. జలుబుచేతనో, అలసటచేతనో తలనొప్పి వచ్చినచో ఒకరికి వచ్చును. గదిలోనివారందరికి ఒకేసారి తలనొప్పియు తలతిరుగుడును వచ్చినచో అది గాలి చెడినదనుటకు సాక్ష్యము. అట్టి సమయమున ఆలోచించుచు కూర్చుండరాదు. తలుపులు, కిటికీలు బార్లా తెరువవలెను. అందరును వెలుపలికి రావలెను. స్పృహ తప్పినవారిని ఆరుబయటికి లాగి 108 నంబరుకు ఫోను చేయవలెను. ఈ నంబరు మనవారికి కొత్తది కాదు. 2005లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఈ అంబులెన్సు సేవ 2007లో గుజరాతునకును వచ్చినది. తేరుకొనినట్లు కనబడినను రోగిని ఆసుపత్రికి తీసికొనిపోయి ప్రాణవాయువు ఇప్పించుట అవసరము.

స్నానపు గదిలో అమర్చిన గ్యాసు గీజరు విషయమున కూడ ఇదే జాగ్రత్త వలయును. గాలి చొరని చిన్న గదిలో గ్యాసు మండినప్పుడు ఇదే విషము పుట్టును. గీజరును గది వెలుపల అమర్చుట మేలు. అట్లు వీలుకానిచో నీటిని ముందుగా బకెట్టులో నింపుకొని, గ్యాసు ఆర్పి, పిమ్మట తలుపు వేసికొనవలెను.

సూరతు ప్రాంతమున మరియొక ప్రమాదమును కలదు. ఇచ్చట తయారగు వస్త్రము అధికముగా పాలియెస్టరు. దానికి నిప్పు సోకినచో అది కరగి చర్మమునకు అంటుకొనును. నూలు బట్ట కాలిన పుండుకంటె ఆ పుండు లోతుగా దిగును. పాలియెస్టరు దుప్పటి కప్పుకొని కుంపటి దగ్గర కునుకు తీయుట రెండు విధములను అపాయకరము.

బాలింత మంచము క్రింది కుంపటి

మన తెలుగు ఇండ్లలో బాలింతకు చలి తగులరాదని మంచము క్రింద నిప్పుల కుంపటి ఉంచుట, సాంబ్రాణి ధూపము వేయుట పాత ఆచారము. గాలి ధారాళముగా ఆడు పెంకుటింటిలో ఆ ఆచారము ఎట్లో చెల్లెను. పది అడుగుల సిమెంటు గదిలో అదే ఆచారము తల్లికిని బిడ్డకును ముప్పు తెచ్చును. పసిబిడ్డ పెద్దలకంటె వేగముగా ఊపిరి తీయును. అందుచేత చెడుగాలి వాని ఒంటికి మరింత త్వరగా పట్టును.

బిడ్డకు వెచ్చదనము తల్లి దేహమునుండియే దొరకును. బిడ్డను తల్లి రొమ్మునకు చర్మము తాకునట్లు హత్తుకొని, ఇరువురిపైన దుప్పటి కప్పినచో ఏ కుంపటియు అంతటి మేలు చేయజాలదు. పుట్టిన వెంటనే స్నానము చేయింపక కనీసము ఒక దినమైనను ఆగుట మంచిది. తలకు టోపీ, పాదములకు మేజోళ్ళు తొడుగవలెను. దేహపు వేడి తలనుండి పోవుట పసివారిలో హెచ్చు.

శీతకాలమున పసివారిని బలిగొను జబ్బు న్యుమోనియా. దీనిని పసికట్టుటకు చదువు అక్కరలేదు, గడియారము చాలును. బిడ్డ నెమ్మదిగా నున్నప్పుడు ఒక నిమిషము పాటు పొట్ట కదలికలను లెక్కింపవలెను. రెండు నెలలలోపు బిడ్డకు ఊపిరి నిమిషమునకు 60 లేక అంతకు మించినను, రెండు నెలలనుండి సంవత్సరములోపు బిడ్డకు 50 లేక అంతకు మించినను, ఏడాదినుండి అయిదేండ్లలోపు బిడ్డకు 40 లేక అంతకు మించినను అది ప్రమాదసూచన. ఊపిరి తీయునప్పుడు డొక్కలు లోనికి ఎగిరినను, బిడ్డ పాలు త్రాగుట మానినను ఆ గడియయే ఆసుపత్రికి పోవలెను. రేపటిదాక ఆగరాదు, నాటుమందుతో కాలక్షేపము చేయరాదు.

పదిమంది గదిలో ఒకని దగ్గు

నేతకార్మికుల గదులలో ఇట్టి సంభాషణ ఎప్పుడో ఒకప్పుడు నడువవలసినదే:

“తమ్మీ, కిటికీకి గోనె ఎందుకు కట్టినవు?”

“చలిగాలి వస్తున్నది గదనే అన్నా. తలుపు బందువెడితే మన పదిమంది ఊపిరికే గది వెచ్చగుంటది.”

“వెచ్చగుంటది, నిజమే. మూలకు పండుకున్న మామ నెలరోజులసంది దగ్గుతుండు. గోనె కట్టినంక ఆ దగ్గు యాడికి పోవాలె తమ్మీ?”

ఆ పెద్దవాని ప్రశ్నలో వైద్యశాస్త్ర సారము ఇమిడియున్నది. క్షయరోగి దగ్గినప్పుడు వెలువడు సూక్ష్మమైన తుంపరలు గాలిలో గంటలకొలది తేలుచుండును. కిటికీ తెరచియున్నచో ఆ గాలి వెలుపలికి పోయి పలుచబడును; మూసియున్నచో అదే గాలిని పదిమందియు తెల్లవారువరకు మార్చి మార్చి పీల్చుదురు. జలుబు కూడ చలిగాలివలన పుట్టునది కాదు, అంటుక్రిములవలన పుట్టునది. చలికి జనులు గుమిగూడి, గది మూసికొనుటచే ఆ క్రిములకు దారి సులభమగును.

గుంపుగా బ్రతుకు చోట గాలి, పారిశుద్ధ్యము ఎంత ముఖ్యములో సూరతు నగరము చేదుగా నేర్చుకొనినది. 1994 సెప్టెంబరులో అచ్చట ప్లేగు వార్త పొక్కగానే లక్షలాది జనులు రైళ్ళెక్కి ఊళ్ళకు పరుగెత్తిరి. దగ్గుద్వారా వ్యాపించు జబ్బుకు భయపడినవారు క్రిక్కిరిసిన రైలుపెట్టెలలోనే కూర్చుండి ప్రయాణము చేసిరి. మరుసటి ఏడు, 1995లో, కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు గారి హయాములో నగరము ఊడ్చి శుభ్రపరుపబడి దేశమునకు ఆదర్శమైనది. నగరము మారినది గాని, గది కిటికీ తెరచువాడు గదిలోనివాడే.

రెండు వారములకు మించి దగ్గు నిలిచినను, సాయంకాలము జ్వరము తగులుచున్నను, బరువు తగ్గుచున్నను, కఫములో రక్తము కనబడినను ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున కఫపరీక్ష చేయించుకొనవలెను. పరీక్షయు మందులును ఉచితము. సామాన్యమైన క్షయకు ఆరు నెలలు విడువక మందు మ్రింగినచో రోగము కుదురును. రెండు మూడు వారములలోనే దగ్గు తగ్గి ఒంటికి బలము వచ్చినట్లు తోచును. అంతటితో మందు మానినవాడు మొండి క్షయను కొనితెచ్చుకొనును. పండుగకు ఊరికి పోవలసివచ్చినచో ఆ సంగతి కేంద్రమున ముందుగా చెప్పవలెను. సొంత ఊరి కేంద్రమునుండి మందు అందునట్లు వారు ఏర్పాటు చేయుదురు. చికిత్స పొందువారి పోషణకై 2018లో నెలకు 500 రూపాయలుగా ఆరంభించిన సహాయమును ప్రభుత్వము 2024 నవంబరునుండి 1,000 రూపాయలకు పెంచినది.

మిల్లు వేడినుండి వేకువ చలికి

పాలియెస్టరు బట్టకు రంగు పట్టించుటకు నీటిని ఒత్తిడితో సుమారు 130 డిగ్రీలవరకు కాచుదురు. రంగు పట్టిన బట్టను ఆరబెట్టి సాపు చేయు యంత్రములు ఇంకను వేడి. అట్టి చోట రాత్రియంతయు పనిచేసిన కార్మికుడు చెమటతో తడిసిన అంగీతోనే వేకువజామున రోడ్డుమీదికి వచ్చును. తడిబట్టమీద గాలి వీచినకొలది దేహపు వేడి త్వరత్వరగా హరించును. అందుచేత మిల్లు వెలుపలికి రాకమునుపే ఒళ్ళు తుడుచుకొని పొడిబట్ట మార్చుకొనుట మొదటి సూత్రము. సంచిలో మరియొక అంగీ, చెవులు కప్పు రుమాలు ఉంచుకొనుటకు ఖర్చేమియు లేదు. చెమటతో పోయిన నీటిని మరల త్రాగుటయు మరువరాదు. చలికాలమున దాహము తోచదు గాని దేహమునకు నీరు కావలెను.

శీతకాలపు వేకువలో నేలనంటియున్న గాలి చల్లగా బరువుగా నుండి, పైగాలి కొంచెము వెచ్చగా నుండును. అప్పుడు పొగగొట్టముల పొగ, రహదారి లారీల పొగ పైకి లేవక నేలమీదనే నిలిచిపోవును. ఉబ్బసము గలవారు, హృద్రోగులు ఎండ వచ్చినపిమ్మట నడచుట మేలు. చలికి రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. బిడ్డలను చూచుటకు ఊరినుండి వచ్చిన వృద్ధులు తమ రక్తపుపోటు మాత్రలను ఒక్కదినమైనను మానరాదు.

ఇక నిద్ర. పైన ఎన్ని దుప్పట్లు కప్పినను క్రింది సిమెంటు నేల ఒంటి వేడిని లాగుకొనుచునే యుండును. కప్పుకొనుటకంటె పరచుకొనుట ముఖ్యము. క్రింద అట్టలు, వానిపై గోనె, ఆపైన బొంత పరచినచో సగము చలి తగ్గును. చింది అని పిలుచు బట్టపేలికలు సూరతు ప్రాంతమున కొరతలేని సరకు. మన ఆడవారికి బొంత కుట్టుట తెలియని విద్య కాదు. ఒక మందపు కోటుకంటె రెండు మూడు పలుచని అంగీలు ఒకదానిపై ఒకటి తొడుగుకొనుట మేలు. వాని నడుమ చిక్కిన గాలియే వెచ్చని పొరయగును. కిటికీ విషయమున మధ్యేమార్గము కలదు. గాలి ముఖమునకు నేరుగా కొట్టకుండ క్రింది భాగమునకు తెర కట్టి, పై భాగమును జానెడైనను తెరచియుంచవలెను. ఎదుటి గోడలో మరియొక రంధ్రమున్నచో గాలి దానంతట అదియే ఆడును.

నాలుకకు పరిచితమైన చలికాలము

కొత్త ఊరి ఆహారము కొత్తది యని దూరముంచుట, బియ్యపు కూడు ఊరగాయలతో సరిపెట్టుకొనుట మనవారిలో కొందరి అలవాటు. చూడగా సూరతు చలికాలపు వంటలు మన ఇంటి వంటలకు చుట్టములే. శీతకాలమున ఇచ్చట లేతజొన్న కంకులను కాల్చి గింజలను రాల్చి పోంక్ అను పేర అమ్ముదురు. మన పల్లెలలో చేనిగట్టున తిను ఊచబియ్యము ఇదియే. బాజ్రీ రోట్లా యనునది మన సజ్జరొట్టె. సూరతీ పాపడీ యనునది మన చిక్కుడు జాతిదే. దానితో కంద, వంకాయ, అరటికాయ చేర్చి ఉంధియూ వండుదురు. సజ్జ, జొన్న, పప్పు, ఆకుకూర, నువ్వులు, బెల్లము శీతకాలమున చౌకగా దొరకును, బలమునిచ్చును. రోజుకొక వేడి భోజనము వేళకు తినుట ఎట్టి కోటుకంటెను మంచి రక్షణ.

బియ్యము, గోధుమల కొరకు సొంత ఊరి రేషను కార్డు ఇచ్చటను చెల్లును. 2019 ఆగస్టులో గుజరాతు–మహారాష్ట్ర, తెలంగాణ–ఆంధ్రప్రదేశ్ జంటలతో ఆరంభమైన “ఒకే దేశము – ఒకే రేషను కార్డు” పథకము 2022 నాటికి దేశమంతట వ్యాపించినది.

చలికి మందుగా సారా త్రాగుట ఆత్మవంచన. సారా త్రాగినపుడు చర్మపు రక్తనాళములు విచ్చుకొని ఒళ్ళు వేడెక్కినట్లు తోచును; నిజమునకు లోపలి వేడి ఆ దారిని వెలుపలికి పోవుచుండును. గుజరాతు 1960లో రాష్ట్రముగా ఏర్పడిన నాటినుండియు మద్యనిషేధము అమలులో నున్నది. అందుచేత చాటుగా దొరకునది ఎట్టి సరకో ఎవరును చెప్పజాలరు. అందు మిథైల్ ఆల్కహాలు కలిసినచో కండ్లు పోవును, ప్రాణము పోవును. 2009 జూలైలో అహ్మదాబాదునందు అట్టి సారా త్రాగి వందమందికి పైగా మరణించిరి.

బాధ చెప్పుకొనుటకు పది మాటలు

జబ్బు ముదురుటకు ఒక కారణము భాష తెలియకపోవుట. ఏమి చెప్పవలెనో తెలియక ఆసుపత్రికే పోనివారు కలరు. కొద్ది మాటలు నేర్చినచో ఆ జంకు తీరును. గుజరాతీలో జ్వరమును తావ్ అందురు. దగ్గును ఉధరస్ అందురు. రక్తమును లోహీ అందురు, అది సంస్కృతపు లోహిత శబ్దమునకు పుట్టిన మాటయే. ఛాతీమా దుఖావో యనిన రొమ్ములో నొప్పి. వీనిలో ఒక మాట విషయమున జాగరూకత అవసరము. వైద్యుడు “చక్కర్ ఆవే ఛే?” అని అడిగినచో తల తిరుగుచున్నదా యని అర్థము. మన చెవికి అది చక్కెరవలె వినబడును. చక్కెర జబ్బు లేదని తల అడ్డముగా ఊపినవాడు, విషగాలివలన కలిగిన తలతిరుగుడును కూడ కాదనినవాడగును. ఇట్టి చిన్న పొరపాటు ఒక నిండు ప్రాణమును ప్రమాదమున పడవేయగలదు.

చాల గదులలో కొత్తగా వచ్చినవాడు మొదటి నెలలలో మాటలాడడు, సరిగా తినడు, నిద్రపోడు. అది సోమరితనము కాదు. ఇల్లు విడిచిన దిగులు. తోటివారు “రా తమ్మీ, కలిసి తిందాం” అని పిలుచుటయే దానికి మొదటి చికిత్స. వారములు గడచినను దిగులు తగ్గనిచో దానిని కూడ జ్వరమువలెనే వైద్యునికి చెప్పుకొనవలెను. అందులో సిగ్గుపడవలసినది లేదు.

ఇంకను ఉత్తరమునకు పోవువారు

పల్సానా రహదారి ఢిల్లీకి పోవునని ముందే చెప్పబడినది. పనినిబట్టి అంతదూరము పోవువారు అసలైన చలిని చూచెదరు. ఢిల్లీలో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత 7, 8 డిగ్రీలు. పొగమంచు దినములలో పగలును ఎండ కానరాదు. అచ్చట ఉన్ని బట్టలు, మేజోళ్ళు, మందపు రజాయి తప్పనిసరి. వృద్ధులుగాని పసివారుగాని మాట తడబడి, వణకు ఆగిపోయి, మగతగా నున్నచో దేహపు వేడి అపాయకరముగా తగ్గినదని తెలిసికొని వెంటనే వైద్యసహాయము పొందవలెను. చలి హెచ్చినకొలది గది మూసికొనవలెనను కోరికయు హెచ్చును. కావున పల్సానాలో నేర్చిన పాఠము అచ్చట రెండింతలు పనికివచ్చును.

సంక్రాంతికి పల్సానా ఆకాశము గాలిపటములతో నిండును. గుజరాతీలు దానిని ఉత్తరాయణమందురు, నువ్వులు బెల్లము పంచుకొందురు. మనవారు ఆ ముందునాటి తెల్లవారుజామున భోగిమంట వేయుదురు. చలి ఎంతయున్నను ఆ మంటను వీధిలో, ఆకాశము క్రిందనే వేయుదురు గాని తలుపు మూసి ఇంటిలో వేయరు. పెద్దలు ఏ కారణముచే ఆ నియమము పెట్టిరోగాని, అది నేటి వైద్యశాస్త్రము చెప్పు మాటయే. నిప్పు వెలుపల నుండవలెను; గాలి లోపలికి రావలెను. ఊరినుండి బయలుదేరు బిడ్డకు తల్లి చెప్పవలసిన మాటయు ఇదియే: “చలికి భయపడకు బిడ్డా, కుంపటి గదిలోకి తేకు, కిటికీ మూయకు.”